వంగిన ఊచ

ఆమెకి తగువులు తీర్చే ఉద్యోగం దొరికిందని తెలిసిన రోజున మొగుడు ఇల్లంతా వినబడేలా నవ్వాడు. "మా ఆవిడ రెండోసారి పెద్దమనిషైందోయ్!" ఆ మాట ఎలా పాకిందో గానీ, ఆఫీసులోనూ ఆమెకి అదే పేరు ఖాయమైంది.

ఆన్‌లైన్ బజారులో కొన్నవాళ్లకీ అమ్మినవాళ్లకీ చెడితే ఆ గొడవ ఆమె కంప్యూటర్ మీదికొస్తుంది. పగిలిందంటారు వీళ్లు, నిక్షేపంలా పంపామంటారు వాళ్లు. ఫొటోలు చూసి, ఇద్దరి రాతలూ చదివి, ఎవరో ఒకరి వైపు మీట నొక్కాలి. పూటకి నలభై గొడవలు. ఓడిపోయినవాళ్ల మొహం ఏడేళ్లలో ఒక్కటీ చూడలేదు. చూడలేదు కాబట్టే నిద్ర పట్టేది.

పాత గోడగడియారాలు బాగుచేసి అమ్మే ముసలాయన మీద మూడు నెలల్లో మూడు ఫిర్యాదులొచ్చాయి. కొన్నది ముగ్గురు, మూడు వేరే పేర్లు. ప్రతి ఫొటోలోనూ అద్దం పగిలి, ముళ్లు ఊడిన గడియారం. ఆయన దగ్గర "చూసుకునే పంపానమ్మా" అనే మాట తప్ప రుజువేమీ లేదు. ఆమె మూడోసారీ కొన్నవాళ్ల వైపే నొక్కింది. మూడుసార్లు ఓడితే అంతేనన్న రూలు ప్రకారం, ఆ బజారులో ఆయన దుకాణం మూతపడింది. ఆఖరిగా ఆయన రాసింది రెండే ముక్కలు: "మీరన్నదే నిజం కావచ్చు. కానీ నా చేతుల్లోంచి వెళ్లినప్పుడు అది నడుస్తూనే ఉందమ్మా."

ఆమె తర్వాతి ఫైలు తెరిచింది.

రెండు నెలలకి, పింగాణీ దీపాలు అమ్మే ఒకావిడ మీద ఫిర్యాదొచ్చింది. పగిలిన దీపం నున్నటి పొట్ట మీద ఎవరింటి కిటికీయో నీడలా పడింది. ఎడమనుంచి రెండో ఊచ నడుం దగ్గర వంగి ఉంది. ఆ వంపు ఎక్కడో చూసినట్టనిపించి చెయ్యి మీట మీదే ఆగిపోయింది. పాత ఫైళ్లన్నీ తవ్వింది. ముసలాయన గడియారాల అద్దపు పెంకుల్లో, మూడింటిలోనూ, అదే కిటికీ. అదే ఊచ. ముగ్గురు కాదు, ఒక్కడే. మంచి సరుకు అట్టిపెట్టుకుని, అలాంటివే పగిలినవాటి ఫొటోలు పంపాడు.

"చచ్చిన ఫైళ్లు లేపకు. గడువు దాటిపోయింది," అన్నాడు మేనేజరు.

ఆమె వినలేదు. పైవాళ్ల వెంటపడి ఆ మోసగాణ్ణి వెళ్లగొట్టించింది, ముసలాయన దుకాణం తెరిపించింది. కబురు పంపితే ఆయన నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అప్పట్నుంచి ఆయన ఆఖరిగా రాసిన ఆ రెండు ముక్కలూ ఆమెని వదల్లేదు. కుళాయి కింద గిన్నె పెడితే నీళ్ల చప్పుడులో అవే. బస్సులో పక్కనెవరో కూర్చుంటే, వాళ్లే ఆ మాట అన్నట్టు ఉలిక్కిపడేది.

చివరికి సెలవు పెట్టి, చిరునామా పట్టుకుని వెళ్లింది. ఆయన కూతురు తలుపు తీస్తే, తనెవరో చెప్పింది. ముందుగది గోడల నిండా గడియారాలు. ఒక్కటీ నడవడం లేదు.

"నాన్నా, తీర్పు చెప్పినావిడ వచ్చారు."

ఆయన గబగబా లేచి నిలబడ్డాడు. దాంతో ఆమె ప్రాణం చచ్చిపోయింది.

"కూర్చోండి బాబాయిగారూ. తప్పు మీది కాదు, నాది." ఫొటోలు బల్లమీద పరిచి, ఊచ చూపించింది.

ఆయన భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నన్ను ఓదార్చడానికి ఇంత దూరం వచ్చావా తల్లీ? మూడుసార్లు చూసి చెప్పారంటే ఊరికే చెప్పరుగా."

"అయ్యో, ఒక్కసారి చూడండి..."

"చూశాను. నా చూపుని నేనే నమ్మడం లేదు." ఆమె చేతిగడియారం వైపు ఆయన వేళ్లు సాగాయి. మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు. "ఆలస్యంగా నడుస్తోంది. ఎవరికైనా చూపించు. నేను ముట్టుకుంటే చెడిపోతుందేమో."

గుమ్మం దాకా వచ్చిన కూతురు గొంతు తగ్గించి చెప్పింది. "మొదటి తీర్పుకి కోప్పడ్డారు. రెండోదానికి కళ్లజోడు మార్పించుకున్నారు. మూడోది వచ్చాక, చేతులు చూసుకుంటూ కూర్చున్నారండీ."

ఆమె ఇప్పటికీ ఆ ఉద్యోగంలోనే ఉంది. మీట నొక్కేముందు అమ్మినవాళ్లకి ఫోన్ చేసి మాట్లాడుతుంది. పూటకి ఇరవై కూడా తెమలడం లేదని మేనేజరు సణుగుతాడు. ముసలాయన దుకాణం తెరిచే ఉంది. రోజూ పొద్దున్నే కంప్యూటర్ పెట్టగానే ఆమె ముందు అక్కడికే వెళ్లి చూస్తుంది. అందులో ఒక్క వస్తువూ ఉండదు.