వరండాలో వైరుబుట్ట అల్లిన వార్డెనమ్మ

మీ కూతుర్ని సాయంత్రం ఆరింటికే లోపల పెట్టి తాళం వేసి, "కంప్యూటర్ సెంటర్ తొమ్మిది దాకా తెరిచే ఉంది కదమ్మా, నువ్వెందుకు రాలేదు?" అని అడిగే మనిషిని మీరేమని పిలుస్తారు? మొహమాటం లేకుండా చెప్పండి. నేనైతే వేషధారి అంటాను. ప్రభువు కూడా అలాంటివాళ్ళను పిలవడానికి ఇంతకన్నా మంచి మాట వెతకలేదు. మన విశ్వవిద్యాలయంలో ఆ వేషధారులతో ఏళ్ళ తరబడి తగువు పడిన మనిషి మొన్న మంగళవారం పొద్దున పలమనేరులో, అన్నగారింట్లో కన్నుమూసింది. ఆడపిల్లల హాస్టల్ వార్డెనమ్మ.

నాది క్యాంపస్ గేటు ఎదురుగా వెల్డింగ్ షాపు. ఆదివారం వాక్యం చెబుతాను, తక్కిన రోజులు ఇనుము అతుకుతాను. ఆయమ్మ నా సంఘంలోది కాదు. వీలు చిక్కితే కొండకు నడిచిపోయే మనిషి. "నీ దేవుడు నీ కాడ, నా దేవుడు కొండ మీద. గొట్టం మాత్రం ఇద్దరిదీనప్పా, వంకర లేకుండా అతుకు" అనేది. ఆ గొట్టం కథే చెప్పబోతున్నాను.

తీగలు లేకుండా గాలిలోనే ఇంటర్నెట్టు క్యాంపస్ అంతా పారుతుందని పెద్దలు చాటింపు వేసిన సంవత్సరం అది. లైబ్రరీ మీద పొడుగు గొట్టం, దానికి తెల్లటి పళ్ళెం. ప్రతి భవనం మీదా ఒక చిన్న గొట్టం, దానికి సిగ్నలు అందుకునే పెట్టె. పళ్ళేనికీ పెట్టెకూ మధ్య ఏ అడ్డూ ఉండకూడదన్నాడు బెంగుళూరు నుంచి వచ్చిన ఇంజనీరు. మాఘమాసం చివర్లో సర్వే చేశారు. కానుగ చెట్లు ఆకు రాల్చి బోసిగా నిలబడే రోజులు. లైబ్రరీ మీదికెక్కితే హాస్టల్ మిద్దె మీద ఆరేసిన తువ్వాళ్ళు కూడా కనపడేవి. ఆ వారంలోనే శాలువాలు, ఉపన్యాసాలు, చప్పట్లు. బాబెలు గోపురం కట్టినవాళ్ళు కూడా అంత మురిసిపోయి ఉండరు.

ఉగాది వచ్చింది. కానుగలు గుబురుగా చిగురించాయి. హాస్టల్‌లో ఇంటర్నెట్టు పడిపోయింది.

ఇంజనీరు మళ్ళీ వచ్చి తల గోక్కుంటూ వాచ్‌మన్‌ను అడిగాడు. "నేను సర్వే చేసినప్పుడు ఈ చెట్లు యాడున్నాయప్పా?"

"ఈడే ఉండె సార్. ఆకులే ఊరికి పోయిండె."

ఆ ఇంజనీరు మంచివాడు. పొరపాటు నాదే, చెట్ల తలలు దాటేంత గొట్టం నిలబెడితే సరిపోతుంది అన్నాడు. మగపిల్లల హాస్టల్ దగ్గరా ఇదే చిక్కు వచ్చింది, వెంటనే ఎత్తు పెంచేశారు. ఆడపిల్లల వంతు వచ్చేసరికి మాత్రం పెద్దలకు ధర్మం గుర్తుకొచ్చింది. కొత్త గొట్టం సంగతి మాట్లాడటానికి వార్డెనమ్మతో పాటు నేనూ రిజిస్ట్రారు గదిలోకి వెళ్ళాను.

"ఆడపిల్లలకు రాత్రిపూట ఇంటర్నెట్ ఎందుకమ్మా? ఏం చూస్తారో ఏమో" అన్నాడాయన.

"మగపిల్లోళ్ళు ఏం సూస్తా ఉండారో మీరు సూసినారా సార్?"

"వాళ్ళ సంగతి వేరు."

"అవును సార్. వాళ్ళకు తాళం లేదు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. సువార్తలో, దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి చూసి పక్కకు తప్పుకుని పోయిన యాజకుడు కూడా నవ్వలేదు. వాడికి ఆపాటి సిగ్గుంది.

ఆయమ్మకు అంత పట్టుదల ఎందుకంటే, ఆ నెలలోనే వడమాలపేట కూలివాళ్ళ బిడ్డ ఒకతె బ్యాంకు ఉద్యోగానికి దరఖాస్తు పంపలేక గడువు పోగొట్టుకుంది. పగలంతా క్లాసులు, ఆరింటికి తాళం. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే వార్డెనమ్మ పక్కన చేరి, "ఏడ్సొద్దు పాపా. నువ్వు ఏడిస్తే వాళ్ళకు సల్లగా ఉంటాది. ఇంకోసారి పరీచ్ఛ రాకుండా పోతాదా? ఆ లోపల గొట్టం లేపిస్తా" అంది.

అన్నాక వదల్లేదు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక రిజిస్ట్రారు వరండాలో బల్ల మీద కూర్చుని ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లడం మొదలుపెట్టింది. అరవలేదు, ధర్నా అనలేదు. నడుముకు తాళాల గుత్తి, ఒళ్ళో ఆకుపచ్చ వైరు, దవడలో వక్క.

"ఇది ఆఫీసమ్మా" అన్నాడు బంట్రోతు.

"నేనేమన్నా పాట పాడతా ఉండానా అబ్బా? బుట్ట అల్లుకుంటా ఉండా."

"ఎన్నాళ్ళు అల్లుతావు?"

"ఎండాకాలం శానా ఉండాది. వైరు కూడా శానా ఉండాది."

దేవునికి భయపడని, మనుషులను లెక్కచేయని న్యాయాధిపతి ఒకడు, ఒక విధవరాలి పోరు పడలేక చివరికి న్యాయం తీర్చిన సంగతి ఆయమ్మకు చెప్పాను. శ్రద్ధగా విని, "ఆ యమ్మకు బుట్టలల్లేది తెలిసుంటే పని ఇంకా బిన్నా, నాలుగు రోజుల్లోనే అయిపోయుండు" అంది.

నా సంఘంలోనూ ఒక పెద్దమనిషి లేచి, ఇంటర్నెట్టు సాతాను వల, నువ్వెట్లా గొట్టం అతుకుతావు అని నన్ను నిలదీశాడు. ఆయన కొడుకు మగపిల్లల హాస్టల్‌లోనే ఉన్నాడు. అక్కడ సాతానుకు సెలవు కాబోలు. ఆ మాట వార్డెనమ్మ చెవిన వేస్తే పగలబడి నవ్వింది. "నువ్వు మైకులో అరిసేది మా మూడో అంతస్తు దాకా ఇనపడతాదప్పా. మీ సాతాను అయినా అంత దూరం రాడు."

చివరికి రిజిస్ట్రారు సంతకం పెట్టాడు. న్యాయం తోచి కాదు, వచ్చేపోయేవాళ్ళంతా ఆ బుట్టల సంగతి అడుగుతున్నారని. ఆయమ్మ అల్లిన బుట్టను ఆయన బల్ల మీదే పెట్టి, "కూరగాయలకు బాగుంటాది సార్" అని వచ్చేసింది. గొట్టం నిలబెట్టిన రోజున ఆయనే రిబ్బను కత్తిరించి, ఆడబిడ్డల చదువు తన చిరకాల స్వప్నమన్నాడు. వార్డెనమ్మ చివరి వరుసలో కూర్చుని వక్క కొరుక్కుంది. నాకు ఒళ్ళు మండి లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "పేరు వాళ్ళనే పెట్టుకోనీ. గొట్టం మనది."

తరువాతి నోటిఫికేషన్‌కు వడమాలపేట బిడ్డ తన గదిలోంచే దరఖాస్తు పంపింది. ఇప్పుడు చిత్తూరులో ఒక బ్యాంకులో పని చేస్తోంది.

మరి ఇప్పుడు? మొన్న ఎండాకాలంలో హాస్టల్‌కు రంగులు వేయాలని ఆ గొట్టం దించారు. రంగులు ఆరిపోయాయి. గొట్టం లేవలేదు. హాస్టల్ వెనక రెండు బండల మీద పడి ఉంది, దాని మీద పిల్లలు బట్టలు ఆరేసుకుంటున్నారు. ఆయమ్మ మళ్ళీ వరండాకు వెళ్ళింది కానీ ఈసారి ఒళ్ళు సహకరించలేదు, గుండె జబ్బు మంచాన పడేసింది. పోయిన నెల పలమనేరుకు చూడబోయాను.

"గొట్టం లేసిందా?" అంది.

లేదన్నాను.

"మరి ఈడికెందుకొచ్చినావు? ఆడికి పో."

ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వక ముందు అన్న మాట అది.

ఈరోజు సాయంత్రం నాలుగింటికి ఆడిటోరియంలో సంతాపసభ అట. ఆయమ్మ పేరు చెక్కిన పాలరాయి పెడతారట. బతికున్నప్పుడు ప్రవక్తల మీద రాళ్ళు విసిరి, పోయాక సమాధులకు సున్నం కొట్టేవాళ్ళ వంశం ఇంకా అంతరించలేదు. పోనివ్వండి, వాళ్ళ రాయి వాళ్ళు పెట్టుకుంటారు.

అయ్యా, అమ్మా, మీరు ఆ సభకు పోకండి. గొట్టం లేపమని సంతకం ఉంది, దించేయమని ఎవడూ సంతకం పెట్టలేదు. క్లాంపులు, బోల్టులు, తాళ్ళు నేను తెస్తున్నాను. ఒక్కడి వల్ల లేచే బరువు కాదది. రేపు బ్యాంకు దరఖాస్తుల గడువు ముగుస్తుంది, లోపల పిల్లలు కూర్చుని ఉన్నారు. ఇది చదివి నిట్టూర్చి పక్కన పెట్టారంటే మీరూ ఆ వేషధారుల వరసలోవాళ్ళే. లేవండి. చెప్పులు వేసుకోండి. నాలుగింటికల్లా హాస్టల్ వెనక్కి రండి. ఈరోజే.