అక్క ల్యాప్‌టాప్‌లో కంపెనీ వాటా

అక్క చనిపోయిన నెలకి బావ నా ఆఫీసుకి ఫోన్ చేశాడు. మీటింగ్‌లోంచి లేచి వరండాలోకి వచ్చాను.

"బామ్మర్దీ, ఆమె ల్యాప్‌టాప్ ఆన్ చేసిన. నల్ల స్క్రీన్ మీద ఏదో కీ నొక్కితే రికవరీ అని రాసుంది. నొక్కిన. ఇప్పుడు నెక్స్ట్ కొట్టమంటున్నది. కొట్టాల్నా?"

"ఇంకేం రాసుంది?"

"ఇంగ్లీష్‌ల మస్తుంది. ఫ్యాక్టరీ అని గిట్ల ఏదో ఉంది."

"ఏదీ ముట్టుకోకు బావా. పవర్ బటన్ నొక్కి అలాగే పట్టుకో. ఆరిపోయేదాకా వదలకు."

కాసేపు ఆయన ఊపిరి ఒక్కటే వినబడింది. "బంద్ అయింది," అన్నాడు.

"మళ్ళీ ఆన్ చేయకు. ఆదివారం ఇంటికి పట్టుకురా."

తిరిగి మీటింగ్‌లో కూర్చున్నాను. ఎవరో ఒక బగ్ సంగతి అడిగితే జవాబు చెప్పాను. బావ ఆ బటన్ కొట్టి ఉంటే అక్కకి సంబంధించినవన్నీ చెరిగిపోయేవని నాకు తెలుసు. తెలిసినా భయం వేయలేదు. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి వారం తిరక్కుండా పోయింది. అప్పటినుంచీ నా మనసుకి ఏదీ తగిలేది కాదు. అన్నం రుచి తెలిసేది కాదు. ఎవరైనా ఓదారిస్తే వాళ్ళ మాటలు పక్కింటి టీవీలోంచి వస్తున్నట్టు ఉండేవి.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న ఉద్యోగం మమ్మల్ని సికింద్రాబాద్ తెచ్చింది. ఆయన పోయాక కూడా మారేడ్‌పల్లిలోనే ఉండిపోయాం. అక్కా నేనూ ఇద్దరం సాఫ్ట్‌వేర్‌లో చేరాం. అప్పట్లో మా వీధిలో పొద్దున పాల ప్యాకెట్ల వాడికంటే ముందు కంపెనీ క్యాబ్‌లే తిరిగేవి. బావ వాళ్ళు తాతల కాలం నుంచీ ఇక్కడివాళ్ళు. ఇల్లు అల్వాల్‌లో, స్టీలు సామాన్ల షాపు పద్మారావు నగర్‌లో. స్నేహితురాలి గృహప్రవేశానికి ఇవ్వడానికి గిన్నెల మీద పేర్లు కొట్టించాలని వెళ్ళిన అక్క, పేర్లు కొట్టే మనిషినే చేసుకుంది. పెళ్ళైన కొత్తలో నేను 'మీరు' అంటే బావ నవ్వి, "ఏందీ, నేనేమన్న మీ మేనేజర్‌నా?" అన్నాడు. అప్పటినుంచీ మా మధ్య 'నువ్వు'లే.

ఆదివారం వచ్చాడు. బ్యాగు స్కూటర్ మీద కాళ్ళ దగ్గర పెట్టకుండా, మెడలో తగిలించుకుని ముందుకు వేసుకున్నాడు. అమ్మ గుమ్మంలోనే ఆయన్ని చూసి, "ఏటి బాబూ, ఇలా అయిపోయావు," అంది. ఇంకేమీ అనలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ల్యాప్‌టాప్‌ని భోజనాల బల్ల మీద పెట్టి, ఛార్జర్ తగిలించాను. "అసలు ఆ కీ ఎందుకు నొక్కావు బావా?"

"మా పెళ్ళిరోజుకి ఇంట్ల తీసిన వీడియోలు. జాగ లేదని ఆమెనే తీసేసింది, బీమారి కంటే ముంగట. రికవరీ అంటే పోయినయి మళ్ళ తెస్తది అనుకున్న."

స్క్రీన్ మీద డిస్క్ బొమ్మ తెరిచి చూపించాను. రెండు గళ్ళు. పెద్దది అక్క వాడుకున్నది. దాదాపు నిండిపోయింది. పక్కన చిన్న గడి మీద రికవరీ అని రాసి ఉంది.

"ఇది నువ్వనుకున్నది కాదు. కొన్న రోజున ఈ మిషన్ ఎలా ఉందో, ఆ కాపీని ల్యాప్‌టాప్ చేసిన కంపెనీవాళ్ళు ఇక్కడ దాచారు. ఎప్పుడైనా పాడైతే మళ్ళీ ఆ రోజుకి తీసుకెళ్ళడానికి."

"అండ్ల ఆమెవి ఏం లేవా?"

"లేవు. అక్క చెయ్యి పడకముందుది అది."

"మరి నేను నెక్స్ట్ కొడితే?"

"అక్కవన్నీ చెరిపేసి, ఆ పాతది వచ్చి కూర్చునేది."

బావ బల్ల మీదనుంచి రెండు చేతులూ తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయితే అది మనకెందుకు? తీసెయ్," అన్నాడు.

తీసెయ్యొచ్చు. కానీ వెంటనే కాదు. ముందుగా, ఆయన అడిగినదే వెతికాను. చెరిపేసిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రామ్‌ని బయటి హార్డ్ డిస్క్ మీదనుంచి నడిపాను, అక్క డిస్క్ మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా పడకుండా. వీడియోల పేర్లు దొరికాయి. తెరిస్తే ఒక్కటీ ఆడలేదు. వాటి చోట ఎప్పుడో వేరేవి వచ్చి కూర్చున్నాయి. ఆఖరుదానికి మాత్రం బొమ్మ వచ్చింది, ఆకుపచ్చ చారల మధ్య వంటింటి గట్టూ, అక్క మోచెయ్యీ. బొమ్మ కదల్లేదు. గొంతు వినబడింది. "అబ్బ, ఆపండీ, పాలు పొంగిపోతాయి." వెనకాల బావ నవ్వు. అంతటితో ఆగిపోయింది.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. బావ తల వంచుకున్నాడు. నేను ఆ ముక్కని రెండు చోట్ల సేవ్ చేశాను. ఆ పని తప్ప ఇంకేమీ తోచలేదు.

తర్వాత అక్క ఫోల్డర్లన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించాను. ఎక్కాయంటే నమ్మకుండా అక్కడా ఇక్కడా తెరిచి చూశాను. ఊటీ ఫోటోలు, ఆఫీసు రెజ్యూమె, అమ్మ చెప్తుంటే తను టైప్ చేసుకున్న ఆవపెట్టిన పనసపొట్టు కూర. అన్నీ తెరుచుకున్నాయి. ఆ కంపెనీ కాపీని కూడా ఊరికే పారెయ్యలేదు. ఎప్పుడైనా డిస్క్ చెడిపోతే మిషన్‌కి ప్రాణం పోయడానికి అదే కావాలి. అందుకని దాన్ని డీవీడీల మీద రాయించాను. మొదటి డీవీడీతో కంప్యూటర్ లేస్తుందో లేదో చూసి, లేచాక, ముందుకు వెళ్ళకుండా ఆపేశాను. డీవీడీలు రాస్తున్నంతసేపూ ఇద్దరం ఆ గుర్రుగుర్రుమనే చప్పుడు వింటూ కూర్చున్నాం. కరెంటు పోతుందేమోనని బ్యాటరీ నిండిందో లేదో నేను చూస్తుంటే, బావ సీలింగ్ ఫ్యాన్ వంక చూస్తున్నాడు.

చివరికి చిన్న గడి మీద మౌస్ పెట్టాను. పేరు చూశాను, సైజు చూశాను. పక్కదాని మీద నొక్కితే అంతా అయిపోతుంది కనుక బావని కూడా చూడమన్నాను.

"చిన్నదే గద? రికవరీ అనే ఉంది గద?"

"అదే."

"కొట్టు."

ఒక హెచ్చరిక వచ్చింది. అవునన్నాను. గడి రంగు మారి, ఖాళీ అని చూపించింది. ఆ ఖాళీని పక్కనున్న అక్క డిస్క్‌లో కలిపేశాను. డిస్క్ నిండిందని ఎర్రగా చూపిస్తున్న గీత నీలంగా మారింది.

బావ దాన్ని చూస్తూ, "గీ జాగ అప్పుడే ఉంటే ఆమె వాటిని తీసెయ్యకపోతుండె గద?" అన్నాడు.

"అవును."

నింద లేదు ఆ గొంతులో. లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగాడు. నేనూ అలాగే చెప్పాను. ఆ మాటకి బాధపడాలని తెలుసు. బాధ కోసం లోపల వెతికితే చేతికి ఏమీ తగల్లేదు.

రీస్టార్ట్ చేశాను. నల్ల స్క్రీన్ రాగానే ఆ కీని బావనే నొక్కమన్నాను. నొక్కాడు. ఏమీ కాలేదు. సరాసరి అక్క పెట్టుకున్న సముద్రం బొమ్మ వచ్చింది. "ఇంకోపారి," అన్నాడు. మళ్ళీ ఆపి, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ సముద్రమే. ఆయన భుజాలు కొంచెం దిగాయి.

"ఇప్పుడు ఎన్ని ఫోటోలు పడతయి?"

"చాలా పడతాయి బావా."

"ఇగ పెట్టనీకి ఏమున్నయ్," అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే ఆలోచిస్తున్నట్టు. జేబులోంచి తన ఫోన్ తీసి, "ఇండ్ల నాలుగైదు ఉన్నయి. మంచిగ రాలే. అయినా వెయ్," అన్నాడు. కేబుల్ పెట్టి వేశాను. అన్నీ మసకగానే ఉన్నాయి. ఒకదాంట్లో అక్క షాపు కౌంటర్ వెనక నిలబడి ఎవరికో టిఫిన్ బాక్స్ చూపిస్తోంది.

అమ్మ వడ్డించింది. కర్మలయ్యాక బావ మా ఇంట్లో తినడం అదే మొదలు. చారు రెండోసారి వేయించుకున్నాడు. "తిను బాబూ, ఇంకొంచెం తిను," అంటూ అమ్మ పక్కనే నిలబడింది. ఆ తర్వాత ఆదివారాలు వస్తూ పోతూ ఉన్నాడు. ల్యాప్‌టాప్ కొన్నేళ్ళు పనిచేసింది. స్క్రీన్ పోయాక అందులోని డిస్క్ తీసి, అంతా షాపు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చాను. డీవీడీల అవసరం ఎప్పుడూ పడలేదు.

ఆ ఆదివారం ఆయన వెళ్ళాక నేను బల్ల తుడిచాను. సోమవారం పొద్దున క్యాబ్ హారన్ కొడితే బూట్లు వేసుకుని కిందికి దిగాను. పక్క సీట్లో కూర్చునే అతను, వారాంతం ఏం చేశావని అడిగాడు. ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ బాగుచేశానని చెప్పాను.