కఫీల్ తొడిగిన ఉంగరం

గల్ఫ్ పర్యటనలో ఉండగా, గుదైబియా బజారులో ఫోన్ కార్డు కొంటుంటే తెలుగు వినబడి పలకరించాను. అతను జగిత్యాల వైపు తాపీమేస్త్రీ, రాజన్న. టీ తాగుతూ తన వేలి ఉంగరం చూపించాడు. వెండిది, ఎర్రరాయి పొదిగింది.

"మా కఫీల్‌ది సారు, మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానిది. లేబర్ క్యాంపుల కూలర్లు ఖరాబై ఉక్కకు ముగ్గురు పడిపోయిన్రు. రేపు పని బందు వెడ్దమని నేనే అందరిని ఒప్పిచ్చిన. నిన్న ఆయనొచ్చి అందరి ముంగట తన వేలికెల్లి తీసి నాకు తొడిగిండు. గిప్పుడు మావోళ్లు నన్ను నమ్ముతలేరు."

పెరూను ఏలిన 'ఇంకా' వంశపు రాజులు సరిహద్దు తెగల పెద్దలకు లోహపు నగలిచ్చి తమవైపు తిప్పుకునేవారని చదివాను. అదే చెప్పి, "ఇది వట్టి లోహం, తీసెయ్యండి" అని ఉపన్యాసం దంచాను.

రాజన్న నిజంగానే తీశాడు. నా ముందు పెట్టాడు.

"రేపటి దాక మీ తాన ఉంచుకోండ్రి. నా తాన ఉంటే కఫీల్‌ను చూడంగనే భయంతోని మళ్ల తొడుక్కుంట."

పరాయి దేశంలో ఒక యజమాని ఉంగరం నా జేబులో దొరికితే ఎవరికి ఏం చెప్పుకోవాలి? "నేను రేపే వెళ్లిపోవాలేమో..." అని నసిగాను. అది అబద్ధం.

అతను ఉంగరం మళ్లీ తొడుక్కున్నాడు. ఇంతలో క్యాంపు బస్సు వచ్చింది.

"అరే, షేక్ సాబ్ అచ్చిండు, జాగియ్యుండ్రి!" రాజన్న ఎక్కగానే లోపల ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

రాజన్న వాళ్ల దగ్గరికి పోలేదు. డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు.