డాక్టరమ్మ బొట్టు రంగు

పొద్దున్నే, బెంగాల్‌లోని మా రైల్వే ఊళ్లోనే ఉన్న ఇందా పేట నుంచి ఫోను వచ్చింది. కంటి ఆసుపత్రిలో చీట్లు రాసే బెంగాలీ అన్న, దాదా అంటాం. "దీదీ, మేడమ్ ఆర్ నేఇ" అన్నాడు. మేడమ్ ఇక లేరట. "ఏ మేడమ్?" అని అడిగాను. తెలిసే అడిగాను. నోరు అలా అనేసింది. పక్కన గడ్డం గీసుకుంటున్న మా ఆయన నా మొహం చూసి రేజరు కింద పెట్టేశాడు.

మీలో కొందరికైనా ఆ కంటి డాక్టరమ్మ తెలిసే ఉంటారు. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పుట్టిన మనిషి, తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. కళ్ల మీద పెద్ద చదువులు చదివి, ఎక్కడెక్కడి సభల్లోనో మాట్లాడి, చివరికి ఇందాలో బస్సుల హారన్ల మధ్య కంటి ఆసుపత్రి పెట్టుకుని కూర్చున్నారు. నుదుటి మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. ఆవిడ పరిశోధన అంతా ఒక్క విషయం మీదే. కొన్ని మందుల వల్ల కంటి నరం దెబ్బతింటే రంగులు ఎలా పోతాయి, ఎలా తిరిగొస్తాయి. "అచ్చరాలు బాగానే కనిపిస్తాయి. ముందుగాల ఎరుపు మాసిపోద్ది. అప్పుడే పట్టుకోవాల" అనేవారు. పంటి నొప్పి గురించి చెప్పినవాళ్లని కూడా టీబీ మందు వాడుతున్నావా అని అడిగే రకం.

మా ఆయన లోకో పైలట్. అప్పట్లో టీబీ వచ్చి సెలవులో ఉన్నాడు. దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది, మళ్లీ ఇంజనెక్కాలంటే రైల్వే మెడికల్ పాసవ్వాలి. ఆ రోజుల్లోనే గోల్‌బజార్ నుంచి సంచెడు పచ్చి టమాటాలు తెచ్చాడు. "ఇవేటండీ, ఒక్కటైనా పండినాదా?" అంటే "పండినవే కదే" అన్నాడు. వెటకారమనుకుని నాలుగు తిట్టి పచ్చడి చేసేశాను. తర్వాత ఒకరోజు దండెం మీద నా ఎర్రచీర చూసి "ఈ గోధుమరంగుది ఎప్పుడు కొన్నావు?" అన్నాడు. టమాటాలది వెటకారం కాదని అప్పుడు అర్థమైంది.

మా కాలనీలో ఒక అలవాటుంది. మెడికల్ దగ్గర పడితే చుక్కల పుస్తకం బట్టీ కొడతారు. రంగుచుక్కల మధ్య దాగిన అంకె ఏదో చెప్పాలి కదా, ఏ అంకె తర్వాత ఏ అంకె వస్తుందో రిటైరైన డ్రైవర్లు ఎక్కాల్లా వల్లె వేయిస్తారు. కళ్లు బాగున్నవాళ్లూ భయంకొద్దీ నేర్చుకుంటారు. మా ఆయనా నేర్చుకున్నాడు. పోట్లాడి పోట్లాడి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

ఆవిడ పుస్తకం తెరిచారు. మా ఆయన గడగడా చెప్పుకుపోయాడు. సగం దాటాక ఆవిడ పేజీలు నెమ్మదిగా తిప్పసాగారు. ఈయన ఆగలేదు. ఆఖరి పేజీ అయిపోయింది, ఈయన దగ్గర ఇంకో అంకె మిగిలిపోయింది.

"నా పుస్తకంలో మధ్యన ఒక పేజీ ఎప్పుడో ఊడిపోనాది నాయనా" అన్నారు డాక్టరమ్మ. "లేని పేజీని కూడా సదివేసినావు."

ఆవిడ పుస్తకం మూసేసి మొహం ముందుకు చాపారు. "నా బొట్టు ఏ రంగు? బొట్టు ఎర్రగుంటాదని అందరికీ తెలుసు, అది నాకొద్దు. నీ కంటికి ఏటి కనిపిస్తందో అది సెప్పు."

చాలాసేపు చూశాడు. "మట్టి రంగమ్మా" అన్నాడు.

ఆయన రెండు చేతులూ జోడించాడు. "కాయితం మీద రాయకండమ్మా. ఇంజను దింపేస్తారు."

"రాస్తాను. నీ ఎనక బోగీల్లో కూకున్నోళ్లకి నేనేటి సెప్పుకోవాల?" అంటూనే టీబీ డాక్టరుకి మా ఎదుటే ఫోను చేసి, ఆ మందు ఆపించి వేరేది ఇమ్మన్నారు. ఇంకొన్నాళ్లు మింగి ఉంటే నా మొహం కూడా ఆయనకి కనిపించేది కాదట. "పోయిన రంగు మళ్లీ వస్తాదా అమ్మా?" అని అడిగాను.

"వస్తాదని సెప్పను. రాదనీ సెప్పను. కొందరికి వచ్చినాది."

ఆ జవాబుకి ఆ రోజు ఒళ్లు మండింది. ఒక్క మంచిమాట అంటే సొమ్మేం పోయిందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, మాతో అబద్ధమాడనిది ఆవిడొక్కరే.

మేం బయల్దేరుతుంటే నా చేతిలో ఒక పొట్లం పెట్టారు. కంట్లో వేసే చుక్కల మందు సీసాల మూతలు, ఎర్రవీ, ఆకుపచ్చవీ, గోధుమరంగువీ. "నీ మొగుడు బట్టీ రాయుడు. రోజూ మార్చి మార్చి అడుగమ్మా. ఒక కన్ను మూయించు, తర్వాత రెండోది."

రైల్వేవాళ్లు ఆయనకి డ్యూటీ మార్చి ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. రోజూ పొద్దున కిటికీ దగ్గర నిలబెట్టి మూతలు చూపించేదాన్ని. తప్పు. మళ్లీ తప్పు. యార్డులో ఇంజను హారన్ వినిపిస్తే ముద్ద చేతిలోనే ఆగిపోయేది ఆయనకి. ఒకసారి విసుగొచ్చి మూతలన్నీ వీధిలోకి గిరాటేశాడు. డాక్టరమ్మకి ఫోను చేసి ఏడిస్తే ఆదివారం రిక్షా ఎక్కి వచ్చేశారు, ఇంకో పొట్లంతో. "నువ్వు నా రీసెర్చివి నాయనా, అలగకూడదు" అని, మా ఇంట్లో ఉప్మా తిని వెళ్లారు.

నెలలు గడిచాక కుడి కన్ను తేరుకుంది. ఎడమదాంట్లో ఎరుపు మాసిపోయే ఉంది. కిందటిసారి వెళ్లినప్పుడు ఆవిడే బాగా నీరసంగా ఉన్నారు. అయినా మొహం ముందుకు చాపి, "ఎడం కంటికి నా బొట్టు ఎర్రబడిన రోజున నాకు ఫోను సెయ్యి. మర్సిపోకు" అన్నారు.

ఇవాళ మేం ఇందా వెళ్లేసరికి ఆవిడని ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టి ఉంచారు. ఎవరో తాజాగా బొట్టు దిద్దారు, ఆవిడ పెట్టుకునేంత పెద్దది. మా ఆయన దగ్గరగా వెళ్లి నిలబడి కుడి కన్ను అరచేత్తో మూసుకున్నాడు. ఏడుస్తున్నాడనుకుని చీట్లు రాసే దాదా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎర్రగున్నాదే" అన్నాడు మా ఆయన నాతో, కుడి కంటి మీంచి చెయ్యి తియ్యకుండానే. "ఎవరికి ఫోను సెయ్యాల ఇప్పుడు?"