అనపకాయలో ఎన్ని గింజలు

ఆ చలికాలం మా బాపు ఊపిరాడక నల్గొండ దవాఖానలో ఉన్నాడు. ఈ ఒక్క రోజు గడిస్తే గాని ఏమీ చెప్పలేమని ఫోన్లో డాక్టర్ అన్నాడు. నేనెక్కిన బస్సేమో పొగమంచుకు చిట్యాల దగ్గరే ఆగిపోయింది. మళ్లీ ఫోన్ మోగుతుందేమోనని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పక్క సీట్లో అవ్వ అడిగితే బాపు సంగతి చెప్పాను. ఆమె ఉడికించిన అనపకాయల మూట విప్పి, ఒక కాయ పట్టుకుంది.

"ఎన్ని గింజలుంటయో చెప్పు కొడుకా. ఓడినోళ్లు గెలిచినోళ్లకు ఒలిచి పెట్టాలె."

గ్రంథాలయంలో వ్యవసాయ పుస్తకాలన్నీ తిరగేసినవాణ్ని. "నాలుగు," అన్నాను ధీమాగా. ఆమె విప్పితే మూడే ఉన్నాయి.

"పుస్తకంల నాలుగనే చదివిన అవ్వా."

"గీ కాయను చదవలేదు గద. ఒలువు."

మంచు విడిపోయి బస్సు కదిలేదాకా ఓడుతూ, ఒలుస్తూనే ఉన్నాను. ఫోన్ చూడనే లేదు. నల్గొండలో నేను దిగేటప్పుడు ఆమె గుప్పెడు కాయలు నా జేబులో పోసింది.

"మీ బాపును గూడ అడుగు."

దవాఖానలో ఆక్సిజన్ మాస్కు కింద బాపు ఎగశ్వాస తీస్తున్నాడు. కాయ చూపించి అడిగాను. చాలాసేపు చూసి మూడు వేళ్లు లేపాడు. విప్పితే నాలుగున్నాయి.

"ఓడినవ్ బాపు. ఓడినోళ్లే ఒలువాలె," అన్నాను.

బాపు సూది గుచ్చిన చెయ్యి చాచి ఇంకో కాయ తీసుకున్నాడు. మెల్లగా నాకోసం ఒలవసాగాడు.