మొగిలిగారు నొక్కిన బటన్

మర్యాదగా మాట్లాడటం నాకు వచ్చు గాని, ఓపికగా చెప్పడం రాదు. ఆ లోపం మొగిలిగారి మీద పడింది. అందుకే ఇది రాస్తున్నాను.

1999లో మా ఆఫీసు మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలో, ఒక మూడంతస్తుల ఇంట్లో ఉండేది. మేం ఆపరేటింగ్ సిస్టమ్‌లో మార్పులు రాసేవాళ్ళం. రాసిన ప్రతి మార్పునీ వెనక గదిలోని ఆరు కంప్యూటర్లలో ఎక్కించి చూడాలి. మార్పులో తప్పుంటే కంప్యూటర్ బిగుసుకుపోయి, తెర నిండా అంకెలూ అక్షరాలూ పరిచి కూర్చునేది. మేం ‘పడిపోయింది’ అనేవాళ్ళం. అప్పుడు రీసెట్ బటన్ నొక్కి, ఫ్లాపీ పెట్టి, అన్నీ మళ్ళీ మొదటినుంచి ఎక్కించాలి. ఒక్కోదానికి నలభై నిమిషాలు పట్టేది. ఆ పని మొగిలిగారిది.

ఆయనది మాదాపూరే. అంతకుముందు గుట్టల్లో రాళ్ళు కొట్టేవారు. ఇంగ్లీషు చదవడం రాదు. అయినా బటన్ నొక్కేముందు తెర మీద ఉన్నదంతా, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, నోట్‌బుక్కులోకి దించేవారు. ఆ పేజీ చూసే మేం తప్పెక్కడుందో వెతుక్కునేవాళ్ళం. ఇంత చదువుకుని మేం రోజుకు పది తప్పులు చేసేవాళ్ళం. ఆయన రెండేళ్ళలో ఒక్క అంకె తప్పు రాయలేదు.

ఆ ఏడు దసరాకి వారం ముందు మేనేజరు రామబ్రహ్మంగారు ఒక పెద్ద కంప్యూటర్ తెప్పించారు. దాని తెర మీద ఆరు కిటికీలు, ఒక్కో కిటికీలో ఒక్కో కంప్యూటర్. ఒకటి పడిపోతే దాన్ని పారేసి, దాచి ఉంచిన కాపీ తెరిస్తే చాలు, అర నిమిషంలో లేస్తుంది.

“పాతవాటిని నెలాఖరుకి అమ్మేద్దామండి. మరి మొగిలి దేనికి?” అన్నారు రామబ్రహ్మంగారు.

నాకు ఒళ్ళు మండింది. “దీన్ని చూసుకోడానికీ మనిషి కావాలండి” అన్నాను.

“సరే, నెలాఖరు దాకా చూద్దాం.”

ఈ మాట మొగిలిగారికి దాచకుండా చెప్పాను. ఆయన వంగి కొత్త కంప్యూటర్ డబ్బా వెనక వైపు చూశారు.

“ఆరు మిషన్లన్నరు గద మేడం. కరెంటు తీగ ఒక్కటే ఉన్నది.”

“ఆరూ లోపలే ఉన్నాయండి. నిజంగా ఉండవు. ఉన్నట్టు నడుస్తాయి.”

“లేనివి ఎట్ల పడిపోతయ్?”

“అవన్నీ మీకెందుకండీ. పాతవాటిని ఎలా చూసుకున్నారో దీన్నీ అలాగే చూసుకోండి” అని విసుక్కున్నాను.

ఆయన అలాగే చూసుకున్నారు. ఆయుధపూజ రోజు, “ఒక్క బొట్టు పెడితే మిగతా అయిదింటికి ఎట్ల?” అని కాసేపు తికమకపడి, ఆ ఒక్క డబ్బాకే వరసగా ఆరు బొట్లు పెట్టారు. మేమంతా నవ్వాం.

దసరా వెళ్ళిన గురువారం పొద్దున నేను వచ్చేసరికి, కొత్తదాని తెర నల్లగా ఉంది. మొగిలిగారు నోట్‌బుక్కు గుండెకి అదుముకుని నిలబడ్డారు.

“రెండోది పడ్డది మేడం. మొత్తం రాసుకున్న. బటన్ నొక్కిన. ఆరుకారు పోయినయ్.”

ఆరింటికీ ఉన్నది ఒక్కటే బటన్ మరి. మిగతా అయిదూ సోమవారం నుంచీ ఆగకుండా పరీక్షలో ఉన్నాయి. నేను చెప్పినట్టే చేశారు, తప్పు నాది.

“ఇగ నన్ను తీసేస్తరు. ఇంట్ల ఎల్లమ్మకు ఏం చెప్పాలె?” అన్నారు. ఎల్లమ్మ ఆయన భార్య.

“ఫికర్ చేయకండి” అని కూర్చుని, దాచిన కాపీలు ఒక్కొక్కటే తెరిచాను. అయిదు నిమిషాల్లో ఆరూ లేచి పనిలో పడ్డాయి.

“నష్టమేం గాలేదా మేడం?”

“పెద్దగా ఏం లేదండి. ఆ అయిదు పరీక్షలూ మళ్ళీ మొదలుపెడితే సరి.”

సంతోషిస్తారనుకున్నాను. ఆయన ఇంకా అయోమయంగా చూశారు. నోట్‌బుక్కు నా ముందు పెట్టబోయి, తెర వైపు చూసి ఆగారు. రెండో కంప్యూటర్ పడిపోతూ వదిలిన అంకెలు నేను అప్పటికే ఒక ఫైలులో తెరిచి చూస్తున్నాను. ఆయన తెర మీద ఒక వేలు, పేజీ మీద ఒక వేలు పెట్టి వరసగా కలుపుకుంటూ వచ్చారు.

“ఒక్కటి గూడ తప్పు లేదు” అని నవ్వారు. తర్వాత, “మీకిది ఎవరు రాసిచ్చిండ్రు?” అని అడిగారు.

“పడిపోయేటప్పుడు అదే రాసిపెడుతుందండి.”

ఆయన నోట్‌బుక్కు మూసేశారు.

“నేను గింత తప్పు చేసినా దానికేం గాలే. ఇగ నేను చేసేదేంది మేడం?”

నేను తెర వైపు తిరిగి పనిలో ఉన్నట్టు నటించాను. నెలాఖరుకి రామబ్రహ్మంగారు ‘మరి మొగిలి దేనికి?’ అని మళ్ళీ అడిగి, ఆయన్ని తీసేస్తున్నానంటే, ఈసారి నేను అడ్డు చెప్పలేదు. దానికి నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

పనిలో తన చివరి రోజున పాత కంప్యూటర్లను ఆటోట్రాలీలోకి ఎత్తింది మొగిలిగారే. ఒక్కోదాన్ని తుడిచి మరీ ఎత్తారు. వెళ్ళబోతుంటే నేను మెట్ల దగ్గర ఆపాను.

“ఆ నోట్‌బుక్కు నాకిచ్చి వెళ్ళండి, మొగిలిగారూ. దాచుకుంటాను.”

ఆయన దాన్ని చంకలో సర్దుకున్నారు.

“మీకెందుకు మేడం? అన్నీ ఆ కొత్తదాంట్లనే ఉన్నయ్ గద.”