ఇలేర్ నోరారా మాట్లాడిన రోజు

ఇలేర్ ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే బెనిన్ దేశపు వెల్డరు. కెనడాలో ఫ్రెంచివాళ్ల క్యూబెక్ రాష్ట్రం దాటితే చాలాచోట్ల ఇంగ్లీషుదే రాజ్యం. అక్కడ కూడా నాలుగు ఫ్రెంచి గొంతులు వినబడాలని, ఆ భాష వచ్చిన పనివాళ్లకు ప్రభుత్వం కాస్త తేలిగ్గా పర్మిట్ ఇస్తుంది. అతనూ అలాగే, తన ఊరు కొటొనూలో ఫ్రెంచి పరీక్ష రాసి, సస్కాచ్వాన్‌లో గోధుమ చేల నడుమ ఒక చిన్న ఊరికి, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుకు వచ్చాడు. తీరా చూస్తే ఆ ఊళ్లో ఫ్రెంచి ముక్క వచ్చినవాడు ఒక్కడూ లేడు.

యజమాని మర్రే మంచివాడే. మొదటి చలికాలం బూట్లు కొనిచ్చాడు. కానీ ఇలేర్ ఇంగ్లీషు పనిముట్ల పేర్లు దాటేది కాదు. కొటొనూ షెడ్డులో అతను నోరు తెరిస్తే చుట్టూ ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఇక్కడ "సరే", "అయింది", "రేపు" అనే మూడు మాటలతోనే పొద్దు గడిచిపోయేది.

పర్మిట్ గడువు దగ్గరపడింది. పాత మార్కులు చెల్లవు, మళ్లీ పరీక్షకు వెళ్లాలి.

"ఫ్రెంచి పరీక్షా? ఇక్కడ ఎవరితో మాట్లాడతావయ్యా, కోత మిషనుతోనా?" అని నవ్వాడు మర్రే. సెలవు మాత్రం ఇచ్చాడు.

మూడు గంటలు బండి నడుపుకుంటూ రెజైనా వెళ్లాడు ఇలేర్. పరీక్ష గదిలో మదామ్ లూసియే అనే నడివయసు ఆవిడ రికార్డరు నొక్కి, "మీ పాత పని గురించి చెప్పండి" అంది.

అంతే, కట్ట తెగింది. మేస్త్రీ ఇనప గేటును తిరగేసి బిగించిన సంగతి, అది తెరుచుకోక ఇంటాయన గోడ దూకి పెళ్లికి వెళ్లిన సంగతి ఏకబిగిన చెప్పాడు. మదామ్ పకపకా నవ్వింది. అతని మాటకు మనిషన్నవాడు నవ్వి ఏడాదిన్నర అయింది.

"టైమైపోయిందండీ."

"ఇంకొక్క మాట చెప్పనా, మదామ్?"

"రికార్డరు ఆపేశాను. దానికి మార్కులు పడవు."

"మార్కుల కోసం కాదు."

ఆవిడ తలుపు వైపు చూసింది. బయట ఇంకొకరు కాచుకుని ఉన్నారు. "సరే, చెప్పండి" అంది.

తీరా చెప్పమనేసరికి ఇలేర్‌కు ఒక్క మాటా తట్టలేదు. టోపీ చేతిలో నలుపుతూ నిలబడి, "వాన వచ్చేలా ఉంది" అన్నాడు.

"అవును, వచ్చేలానే ఉంది" అందావిడ మెల్లగా.

దారంతా అతను తనను తానే తిట్టుకున్నాడు.

మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. పర్మిట్ ఇంకో రెండేళ్లు పొడిగించారు. ఆదివారం అక్క రోజీన్ ఫోన్ చేసినప్పుడు ఆ కబురు చెప్పాడు.

"నా తండ్రే! నీ నోటికి అక్కడ కూడా జనం పడి చస్తున్నారన్నమాట. సావాసగాళ్లు బాగానే ఉన్నారా?"

కిటికీ అవతల కోసేసిన చేను ఆకాశం దాకా ఖాళీగా పరుచుకుని ఉంది.

"ఉన్నారక్కా, బోలెడుమంది" అన్నాడు ఇలేర్.